నేరము జాతియా, క్రియయా?
నెల్లూరు తీరమున నేరజాతుల శాసనమును గృహజీవనమును

అంకుశమునకు లోఁబడనిది నిరంకుశము. ఈ విశేషణము కవులయెడఁ బ్రయుక్తమైనపుడు ప్రశంస. ప్రభుత్వముయెడఁ బ్రయుక్తమైనపుడు నింద. కవి యంకుశమును దాఁటినచో వ్యాకరణమునకు మాత్రమే కొంత నొప్పి కలుగును. ప్రభుత్వము దాఁటినచో నా నొప్పి ప్రజల యిండ్లలోఁ గలుగును. నిరంకుశపాలన మనఁగానే సైన్యములును, చెఱసాలలును, నియంతల ప్రతిమలును మనస్సున స్ఫురించుట సహజము. కాని దాని నిజస్వరూపమును రాజధానియందుఁ గాక, రాత్రివేళ నొక గుడిసెలో వెదకవలెను. భర్త తన యింట నిద్రించుటకు, భార్య పుట్టినింటికిఁ బోవుటకు, తల్లి తన బిడ్డను తనయొద్ద నుంచుకొనుటకు నెవరి యనుమతి కావలసియున్నదో చూచినచోఁ బాలనముయొక్క స్వభావము బోధపడును.

ఇట్టి పాలన నెల్లూరు తీరమున 1911 తరువాత మూఁడు దశాబ్దములకు మించి కొన్ని కులములపై నడచినది. అచ్చట నియంత యొక పురుషుఁడు కాఁడు, ఒక శాసనము. దాని పేరు నేరజాతుల శాసనము. ఆ శాసనము గృహమున నెట్లు ప్రవేశించెనో, దానికి మూలమైన శబ్దదోష మెట్టిదో, ఆ దోష మెంతవఱకుఁ దీఱినదో వివరించుట యీ వ్యాసమునకు విషయము.

దేశము, జనము

ఉత్తరమునఁ గావలి మొదలు దక్షిణమునఁ బ్రళయకావేరి యని పూర్వులు వ్యవహరించిన పులికాటు సరస్సు వఱకు నెల్లూరు తీరము ఇసుకదిబ్బలతోను, ఉప్పుకొఠారులతోను, సముద్రమునకు సమాంతరముగఁ బోవు బకింగుహాము కాలువతోను నిండియున్నది. సరస్సునకును సముద్రమునకును నడుమనున్నది శ్రీహరికోట. నేఁడది యంతరిక్షప్రయోగములచేఁ బ్రసిద్ధము; పూర్వ మది యానాదుల నెలవు. 1835లో నా ద్వీపము తూర్పుఇండియా కంపెనీ ప్రభుత్వమువారి వశమైనది. తేనె, మైనము, ఓషధులు మున్నగు నటవీద్రవ్యములను యానాదులచేతనే సేకరింపించుచుండిరి. ద్వీపమునకు వెలుపలి గ్రామములలో యానాదులు చేఁపలు పట్టుచు, కోఁతల కాలమున నెలుకబొఱియలఁ ద్రవ్వి ధాన్యము తీయుచు, రైతుల పొలములకును ఇండ్లకును రాత్రికాపు కాయుచు జీవించిరి. ఓషధుల గుణములు, పాముకాటునకు వాడు వేళ్ళు వీరికిఁ దెలిసినట్లు మఱియొకరికిఁ దెలియ వని ప్రసిద్ధి కలదు.

'అనాది' శబ్దమునుండి 'యానాది' పుట్టినదని లోకమున నొక వ్యుత్పత్తి వినఁబడుచున్నది. 1909లో వెలువడిన థర్‌స్టన్ దొరగారి దక్షిణదేశ కులవివరణ గ్రంథమునందును యానాదులఁ గూర్చి విస్తరముగ వ్రాయఁబడియున్నది. పై వ్యుత్పత్తి లోకప్రసిద్ధమే కాని శాస్త్రమునకు లొంగునది కాదు. తెలుగునఁ బదాదియందలి ఇకార ఎకారములకు ఉచ్చారణమున యకారస్పర్శ కలుగును. అకారమున కట్టిది యరుదు. అయినను లోకము చేసిన యీ వ్యుత్పత్తియం దొక సత్యము దాఁగియున్నది. ఈ తీరమున వీరు చాలఁ బ్రాఁతవారని యందఱును నంగీకరించి రన్నమాట.

ఎఱుకలవారి వృత్తి వేఱు. ఈతాకుతోఁ దట్టలు బుట్టలు నల్లుట, సోది చెప్పుట, గాడిదలపైనను ఎడ్లపైనను దీరమునుండి ఉప్పును మెట్టప్రాంతములకుఁ గొనిపోయి ధాన్యమునకు మార్చుట వీరి పనులు. పందొమ్మిదవ శతాబ్దమున నిరుప్రక్కల నుండియు వీరి బ్రదుకునకు దెబ్బ తగిలినది. ఉప్పుపైఁ బ్రభుత్వమువారి నిర్బంధములు పెరిగినవి. రైలుమార్గములు వచ్చి బరువులను మోసికొనిపోయినవి. తిరుగుట వృత్తియైన వానికి వృత్తి పోయి తిరుగుట మాత్రమే మిగిలినది. తిరుగువానిఁ జూచి స్థిరనివాసియు, స్థిరనివాసి మాట విని పోలీసుశాఖవారును సందేహించిరి. కారణము నడుగకుండ కార్యమును జూచి నిశ్చయించుట యిచ్చట జరిగిన మొదటి దోషము.

శాసనము

నేరజాతుల శాసనము 1871లో 27వ చట్టముగాఁ బుట్టి, మొదట నుత్తరదేశమునకు మాత్రమే వర్తించెను. 1911 నాఁటి 3వ చట్టముచేఁ జెన్నరాజధానికిని వ్యాపించెను. 1924లో 6వ చట్టముగాఁ గ్రోడీకరింపఁబడెను. నెల్లూరు మండలమున నెఱుకలలోను యానాదులలోను గొన్ని సమూహములు దీనికి లోనయ్యెను.

ఇందలి ప్రధానాంశములు మనసున నుంచుకొనఁదగినవి. ఒక జాతి గాని, గుంపు గాని, తెగ గాని నేరములు చేయు నలవాటు గలదని నమ్ముటకుఁ గారణ మున్నచోఁ బ్రభుత్వము దానిని నేరజాతిగఁ బ్రకటింపవచ్చును. పిమ్మట వారి పేర్లు పట్టికకెక్కును, వ్రేలిముద్రలు తీసికొనఁబడును. వారు నిర్ణీతకాలములందు హాజరు చెప్పవలెను. నివాసమును, నివాసపు మార్పును, ఊరు విడుచుటను, విడువఁదలఁచుటను సైతము తెలుపవలెను. ఒక యెల్లలో నిర్బంధింపను, సెటిల్మెంటులలో నుంచను, ఆఱేండ్లు దాఁటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను దల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలలలోఁ బెట్టను బ్రభుత్వమునకు నధికారము కలదు. పట్టికలోనివాఁడు దొంగతనము చేయఁబోవుచున్నాఁడని న్యాయస్థానమునకుఁ దోఁచు పరిస్థితులలోఁ గనఁబడినచో మూఁడేండ్లవఱకు శిక్ష. షెడ్యూలులోని నేరములలో రెండవమాఱు శిక్ష పడినచో సామాన్యముగ నేడేండ్లకుఁ దక్కువ గాని కారాగారము, మూఁడవమాఱు యావజ్జీవ ద్వీపాంతరవాసము.

వీనియన్నిటికంటె గుఱుతింపవలసిన యంశము మఱియొకటి. ఒక జాతిని నేరజాతిగఁ బ్రకటించిన ప్రకటనముయొక్క చెల్లుబాటును నే న్యాయస్థానమును బ్రశ్నింపరాదు. ప్రకటనమే తిరుగులేని ప్రమాణము. అంకుశ మిచ్చటఁ దీసివేయఁబడినది. 'నమ్ముటకుఁ గారణ మున్నచో' నని యారంభించిన శాసనము, ఆ కారణ మేమని యడుగువాని నోరు మూసి ముగిసినది.

శబ్దవిచారము

శబ్దములు నాలుగు తెఱఁగుల నర్థమునఁ బ్రవర్తించునని మహాభాష్యకారుఁడు చెప్పెను. గోవు వంటివి జాతిశబ్దములు. తెలుపు వంటివి గుణశబ్దములు. చలించునది వంటివి క్రియాశబ్దములు. డిత్థుఁడు మొదలగునవి యదృచ్ఛాశబ్దములు. వీనిలో జాతిక్రియల భేదము స్పష్టము. అప్పుడే పుట్టిన దూడయు గోజాతియే. అది లేచి నిలువకమున్నే గోశబ్దము దానికిఁ జెల్లును. వంటవాని బిడ్డ యట్లు గాదు. వండకమున్ను వాఁడు పాచకుఁడు కాఁడు. వండుట మానిన పిమ్మటను కాఁడు.

చోరశబ్ద మీ రెండింటిలో దేనికిఁ జేరును? 'చుర' ధాతువు స్తేయార్థకము. దానిపై కర్తయందుఁ బ్రత్యయము వచ్చి చోరశబ్ద మేర్పడినది. అపహరించువాఁడు చోరుఁడు. ఇది కేవల క్రియాశబ్దము. 'చౌర' శబ్దమునకు మఱియొక మార్గము కలదు: చుర, అనఁగా అపహరణము, శీలముగాఁ గలవాఁడు చౌరుఁడని తద్ధితవృత్తి. ఇచ్చట నర్థము క్రియనుండి యొక మెట్టెక్కి శీలమును జేరినది. పలుమాఱులు చేయుటచే నేర్పడిన స్వభావము చెప్పఁబడినది. అయినను శీల మాయా వ్యక్తిదే. తండ్రి శీలము కుమారునకుఁ బ్రత్యయముచే సంక్రమింపదు. చోరత్వమును జాతిగఁ జెప్పు మార్గము శాస్త్రమున లేదు. పాణిని చూపని మూఁడవ మెట్టును 1871 నాఁటి శాసనము కట్టినది.

సాహిత్యమును శాస్త్రముతో నేకీభవించుచున్నది. మృచ్ఛకటికమున శర్విలకుఁడు చారుదత్తుని యింటికిఁ గన్నము వేయును. వాఁడు బ్రాహ్మణుఁడు, దాస్యమున నున్న మదనికను విడిపించి పెండ్లియాడుటకై దొంగిలించును. ఆ దొంగతనమునకు మూలము ప్రేమ. శూద్రకుఁడు వాని క్రియను దాఁచలేదు. వాని కులమునకంతయు దానిని బులుమలేదు. దండి దశకుమారచరితమున నపహారవర్మ చంపానగరమునఁ జౌర్యకళను జూపిన రాజకుమారుఁడు. ఆ కథను మూలఘటిక కేతన తెనిఁగించి తిక్కనసోమయాజి కంకిత మిచ్చెను. తిక్కన మనుమసిద్ధి కొలువున నున్నది నెల్లూరనియే. ఆంధ్రభాషాభూషణ మను వ్యాకరణమును రచించినవాఁడును ఆ కేతనయే. దొంగయైన రాజకుమారుని కథను నెల్లూరు విని యానందించిన యాఱువందల యేండ్లకుఁ బిమ్మట, దొంగిలించినను దొంగిలింపకున్నను దొంగయే యను శాసన మా నెల్లూరు సీమకే వచ్చినది.

ఇందలి వైపరీత్యమును మఱియొక దృష్టాంతముచేఁ దెలిసికొనవచ్చును. రైతులు తమ పంటలకు రాత్రికాపుగ యానాదినే పెట్టుకొనిరి. క్రియనుబట్టి చూచినచో వాఁడు రక్షకుఁడు. పట్టికయందు పేరున్నచో జాతినిబట్టి చోరుఁడు. ఒకే మనుష్యునియందు, ఒకే రాత్రి, లోకవ్యవహారమును రాజశాసనమును బరస్పరవిరుద్ధము లయ్యెను.

గృహము

ఈ శబ్దదోషము గ్రంథమునందే నిలిచియుండిన నెవరికిని బాధ లేదు. అది యింటిలోఁ బ్రవేశించినది. యానాదుల సంసారము చిన్నది. తాటాకు గుడిసె, వల, గంపలు, త్రవ్వుకోల, ఒక కుక్క: ఆస్తి యింతియే. వారి వివాహమునఁ దంతు తక్కువ, పరస్పరానురాగమునకుఁ బ్రాధాన్య మెక్కువ. పొసఁగనిచో విడిపోవుటయు, వితంతువు మరల మనువాడుటయు వారి కులాచారమున దోషములు కావు. భార్యాభర్త లొక్కటిగనే చేఁపలవేఁటకును దుంపలు త్రవ్వుటకును బోవుదురు. కాఁబట్టి వారి ప్రేమయు వారి జీవనోపాయమును వేఱు కావు. రెండును గలసి తిరుగుటయందే యున్నవి.

పట్టికకెక్కిన యట్టి దంపతుల నొక్కసారి భావింపఁదగును. పులికాటులో నాటుపోటులు చంద్రునిబట్టి నడచునే కాని హాజరువేళల నెఱుఁగవు. నడురేయిఁ బోటు వచ్చినపుడు వల వేయకున్నచో మఱునాఁ డింట గింజ యుండదు. వల తీసికొని వెడలినచో, చీఁకటిలోఁ గనఁబడుటయే సందేహమునకుఁ గారణము. ఇంట నున్నను భయమే: పేరు పిలిచినపుడు పలుకవలెను. పగలు శ్రమించి రాత్రి కలసికొను దంపతుల మాటలనడుమ మూఁడవ గొంతుక యొకటి నిత్యమును వినఁబడుచుండును. గృహస్థ శబ్దమునకు గృహమున నుండువాఁడని యర్థము. ఇతఁడో గృహమున నున్నట్లు రుజువు చూపవలసినవాఁడు.

పుట్టినింటి ప్రయాణ మింకొకటి. తెలుగు కుటుంబములలో నింటియాఁడుబిడ్డ తొలికానుపునకుఁ బుట్టినింటికిఁ బోవును. అల్లుఁడు పండుగకు రాఁదగును. చావు వినినపుడు బంధువులు పరుగెత్తుదురు. ఇవి యనుమతి యడుగఁదగిన కార్యములని యే స్మృతికారుఁడును జెప్పలేదు. శాసనముక్రింద నున్నవానికో, పోవుటయే కాదు, పోవఁదలఁచుటయు నివేదింపవలసిన విషయము. చావునకుఁ బోవువాఁడు ముందుగ నెట్లు తెలుపఁగలఁడు? అధికారి దయాళు వైనచో నతఁడు సకాలమునకుఁ బోయెను. కానిచో మూఁడవదినమునకుఁ బోయెను. దయపై నాధారపడిన బంధుత్వము బంధుత్వముగ నెంతకాలము నిలుచును?

అన్నిటికంటెఁ గఠినమైనది బిడ్డల విషయము. ఆఱేండ్ల బిడ్డ యే క్రియయు నెఱుఁగదు. శీలమున కాధారమైన యభ్యాసమును దానికి లేదు. అయినను దల్లినుండి వేఱుచేయు నధికారము పుట్టుకనుబట్టి యేర్పడినది. జాతిశబ్ద మప్పుడే పుట్టిన దూడకును జెల్లునను వ్యాకరణోదాహరణ మిచ్చట నొక తల్లి యొడిలోఁ బరీక్షింపఁబడినది.

విప్రలంభము

ఈ వియోగమున కలంకారశాస్త్రమునఁ బేరు కలదా? విశ్వనాథుఁడు ప్రవాసవిప్రలంభమునకుఁ గార్యము, శాపము, సంభ్రమము నని మూఁడు హేతువులు చెప్పెను. మమ్మటుఁడు విప్రలంభము నభిలాష, విరహ, ఈర్ష్యా, ప్రవాస, శాపహేతుకమని యైదువిధములుగ విభజించెను. ఇందు విరహ మనఁగా నొకేచోట నున్నను గురుజనాదుల పారతంత్ర్యముచేఁ గలయలేకుండుట యని వ్యాఖ్యాతలు. ఊరిలోనే యుండియు, పిలుపునకు వెఱచి యొకచోట గడుపు దంపతుల స్థితి యీ విరహమునకు దగ్గఱగ నున్నది. సెటిల్మెంటునకుఁ గొనిపోఁబడినవానికిని వెలుపల నిలిచిన బంధువులకును గల వియోగము శాపహేతుకమువలెఁ దోఁచును.

కాని పోలిక పూర్తిగఁ గుదురదు. మేఘసందేశమున యక్షుఁడు తన యధికారమున నేమఱుటచే శాపము పొందెను. అది యొక యేఁడాదితో ముగియును. అచ్చట దోషమును కలదు, అవధియును గలదు. ఈ శాసనమున దోషము చూపనక్కఱ లేదు, అవధి చెప్పఁబడలేదు, తండ్రి యనుభవించినది కుమారుఁ డనుభవించును. రసమునకు నాయకుని స్వాతంత్ర్య మావశ్యకము. నాయకుఁడు పట్టికలో నొక సంఖ్యయైనపుడు విప్రలంభము శృంగారము గాక, కేవలము దుఃఖముగ మిగులును.

యక్షగానములలో నెఱుకలసాని పాత్ర సుప్రసిద్ధము. నాయిక విరహమునఁ గ్రాఁగుచుండఁగా నెఱుకలసాని బుట్ట చంకఁబెట్టుకొని వచ్చి, చేయి చూచి, ప్రియుఁడు వచ్చునని సోది చెప్పును. పండితులును బామరులును శతాబ్దములుగ నా ఘట్టమును మెచ్చిరి. పరుల సమాగమమును జెప్పిన యా స్త్రీకే తన భర్త యెప్పుడు వచ్చునో చెప్పుట కశక్యమైన కాలము వచ్చినది. సోదియు, తిరుగుటయు సందేహాస్పదము లయ్యెను.

సెటిల్మెంటులు

నెల్లూరు మండలమునఁ గావలిలో నమెరికా బాప్టిస్టుమిషనువారి నిర్వహణమున నెఱుకలకును, బిట్రగుంటకు సమీపమునఁ గప్పరాళ్ళతిప్పలో యానాదులకును సెటిల్మెంటు లుండెను. గుంటూరు ప్రాంతమున సీతానగరము, స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారి యధీనమున నుండెను.

ఇచ్చట నొక పూర్వపక్షము వినఁదగును. దొంగతనములు జరుగలేదా? గ్రామస్థులు భయపడలేదా? సెటిల్మెంటులలోఁ బాఠశాలలు, వైద్యము, కూలి, కొందఱకు భూమియు లభింపలేదా? దొంగతనములు జరిగెను. కాని చేసినవానిని శిక్షించుటకు 1860 నాఁటి శిక్షాస్మృతి యప్పటికే యున్నది. దానికి సాక్ష్యము కావలెను, కులము కాదు. పాఠశాలలును వైద్యమును గొందఱకు నిజముగ నుపకరించెను. ఆయూళ్ళలో చదివి పైకి వచ్చినవారును గలరు. అయినను ద్వారమున కావలివాఁ డున్న యుపకారమును గ్రహీత నిరాకరింపలేఁడు. నిరాకరింపరానిది దానము కాదు.

విమోచనము

ఈ శాసనము నందఱును మౌనముగ సహింపలేదు. పొరుగున తమిళసీమలో, మధుర ప్రాంతపుఁ గళ్ళరులు దీనిని రేఖాచట్ట మని వ్రేలిముద్రల పేరునఁ బిలిచిరి. 1920 ఏప్రిలు 3వ తేదిని పెరుంగామనల్లూరులో ముద్ర లీయ నిరాకరించిన గ్రామస్థులపైఁ బోలీసులు కాల్పులు జరుపఁగాఁ బలువురు మరణించిరి. దక్షిణాఫ్రికాలోను నల్లవారిపై ననుమతిపత్రముల చట్టములు 1986 వఱకు నిట్లే భార్యాభర్తలను వేఱువేఱు నెలవుల నుంచినవి. పుట్టుకనుబట్టి సందేహించు శాసన మెక్కడ నున్నను మొదట నడుగునది త్రోవచీటినే.

నెల్లూరున వెన్నెలకంటి రాఘవయ్య (1897-1981) యానాదుల సేవకుఁ దన జీవితమును వినియోగించి, యీ శాసనము తొలఁగింపవలె నని పాటుపడెను. 1962లో యానాదులఁ గూర్చి యాయన యాంగ్లమున గ్రంథమును బ్రకటించెను. 1973లో పద్మభూషణ బిరుదము నందెను. 1936లో జవహర్లాలు నెహ్రూ నెల్లూరునకు వచ్చినపుడు, ఈ శాసనము పౌరస్వాతంత్ర్యమునకే విరుద్ధమనియు, ఏ జాతినిగాని జాతిగ నేరస్థమని వర్గీకరింపఁదగ దనియుఁ బలికెను. వ్యాకరణము చెప్పు మాటయే రాజనీతిజ్ఞుని నోట వెలువడినది.

చెన్నరాజధానిలో 1947లో శాసనము రద్దయ్యెను. దేశమంతటఁ దత్ఫలితములను విచారించుటకు 1949లో మాడభూషి అనంతశయనం అయ్యంగారి యధ్యక్షతను నొక సంఘ మేర్పడెను. తిరుచానూరులో జన్మించిన యీ తెలుగుసీమవాఁడు పిమ్మట లోకసభాధ్యక్షుఁ డయ్యెను. ఆ సంఘము రద్దునే సిఫారసు చేసెను. 1952 ఆగష్టు 31వ తేదినుండి భారతదేశమం దంతటను శాసనము తొలఁగెను. నేఁటికి నా దినమును విముక్తదిన మని యా కులములవారు జరుపుకొనుచున్నారు.

అయితే 1948లోనే చెన్నరాజధానిలో నలవాటునేరస్థుల నిర్బంధశాసన మొకటి వచ్చినది; తరువాత నితరరాష్ట్రములలోను నట్టివి వచ్చినవి. శబ్దశాస్త్రదృష్టిచే నీ మార్పు గమనింపఁదగినది. జాతి తొలఁగినది, శీలము మిగిలినది. చోరశబ్దము పాణిని యెఱిఁగిన రెండవ మెట్టునకు దిగినది. ఇది నిజముగ మేలే: ఒకని శీల మొకనిదే గనుక బిడ్డ పుట్టుకతోనే దోషి కాఁడు. కాని శీలమును నిర్ణయించునపుడు ముందుగఁ బ్రాఁతపట్టికలోని పేర్లే చేతికందినచో, జాతి యే ద్వారమునఁ బోయెనో యా ద్వారముననే మరల వచ్చును. అందుచేతనే యొక ప్రాంతమున దొంగతనము జరిగినపుడు విచారింపకమున్నే కొన్ని గుడిసెలవైపుఁ జూచు నలవాటు పూర్తిగఁ బోయినదని చెప్పఁజాలరు.

'విముక్త' శబ్దమునందును నొక సూక్ష్మము కలదు. విడువఁబడినవాఁ డన్నపుడు బంధ మాక్షేపింపఁబడును. ఎన్నఁడును బద్ధుఁడు గానివానిని విముక్తుఁడని యెవరును బిలువరు. ఆ పేరు వహించినవారి మనుమలు బంధమును జూడకపోయినను, పేరు దానిని జ్ఞప్తికిఁ దెచ్చుచుండును. కాఁబట్టి పాఠశాలలో నొక యానాదిబాలుఁడు హాజరు పలికినపుడు నుపాధ్యాయుఁడు తలంపవలసినది యొకటి కలదు: వాని ముత్తాతకు హాజ రనఁగా రాత్రివేళ నింటిముందు వినవచ్చిన పిలుపు. ఆ మాటయే నేఁడు పలకాబలపములతోఁ గూడి వినఁబడుచున్నది. శబ్ద మదియే, అర్థము మాఱినది. ఆ మార్పును స్థిరపఱచుట శాసనముపనియే కాక, పిల్లవానిని వాని క్రియనుబట్టి మాత్రమే పిలుచు గురువుల పనియు నైయున్నది.